ఇరవై గుంటలా, ఇరవై సెంట్లా?

నేను స్టూడియోలో కూర్చుని మాట్లాడుతున్నాను. నా ఎదురుగా ఒక మైకు, ఒక గడియారం. చేతిలో కొన్ని కాగితాలు. మీరు ఎక్కడున్నారో నాకు కనబడదు. వంటింట్లో ఉండి ఉంటారు. గచ్చిబౌలి ట్రాఫిక్‌లో ఇరుక్కుని ఉంటారు. పొలం గట్టు మీద ఉంటారు. నేను చెప్పేది అర్థం కాకపోతే మీరు చెయ్యెత్తి నన్ను ఆపలేరు. వెనక్కి వెళ్లి మళ్లీ వినలేరు. అందుకే రేడియోకి రాసేవాళ్లు ఒక జాగ్రత్త పాటిస్తారు. వినేవాళ్లకు ఎక్కడ సందేహం వస్తుందో ముందే ఆలోచిస్తారు. ఆ సందేహానికి జవాబు మాటల్లోనే పెట్టేస్తారు.

ఇవాళ అలా మనల్ని ఆపి అడగలేని ఇంకొక శ్రోత గురించి చెబుతాను. ఆ శ్రోత మనిషి కాదు. ఏఐ ఏజెంట్.

నేను హైదరాబాద్‌లోని మాదాపూర్‌లో టెక్నికల్ రైటర్‌గా పని చేస్తాను. ఒక సాఫ్ట్‌వేర్ తయారయ్యాక, దాన్ని ఎలా వాడాలో వాడేవాళ్ల కోసం రాసిపెట్టడం నా ఉద్యోగం. దాన్నే మేం డాక్యుమెంటేషన్ అంటాం. ఇన్నేళ్లూ మనుషుల కోసం రాశాను. ఈమధ్య ఏజెంట్ల కోసం కూడా రాస్తున్నాను. ఈ పనిలో నాకు తెలిసొచ్చింది మీతో పంచుకోవాలని వచ్చాను.

ముందు ఏజెంట్ అంటే ఏమిటో చూద్దాం. మాట మనకు కొత్తది కాదు. ఎల్‌ఐసీ ఏజెంటు తెలుసు. బస్సు టికెట్ల ఏజెంటు తెలుసు. మన తరఫున వెళ్లి మన పని చేసుకొచ్చేవాడు ఏజెంటు. ఏఐ ఏజెంటూ అంతే. మామూలు చాట్‌బాట్‌ని అడిగితే వరంగల్‌కి బస్సులు ఎన్ని గంటలకు ఉన్నాయో చెబుతుంది. అక్కడితో ఆగుతుంది. ఏజెంట్‌కి అయితే, "రేపు పొద్దున్నే వరంగల్ వెళ్లాలి, కిటికీ పక్కన సీటు చూడు" అని చెబితే చాలు. బస్సు వెతుకుతుంది, సీటు చూస్తుంది, టికెట్ తీస్తుంది.

మరి బస్సు ఎలా వెతుకుతుంది? దానికి మనం కొన్ని టూల్స్ ఇస్తాం. టూల్ అంటే ఒక పని చేసిపెట్టే చిన్న ప్రోగ్రాం. బస్సులు వెతికే టూల్ ఒకటి. సీటు పట్టుకునే టూల్ ఒకటి. డబ్బు కట్టే టూల్ ఒకటి. ఇక్కడ ఒక సంగతి బాగా గుర్తుపెట్టుకోండి. ఆ టూల్ లోపల ఏముందో ఏజెంట్‌కి కనబడదు. దానికి కనబడేవి మూడే. టూల్ పేరు, అది ఏం చేస్తుందో చెప్పే నాలుగు మాటల వివరణ, దానికి ఏమేం వివరాలు అందించాలో చెప్పే పట్టిక. ఈ మూడింటినే చూసి ఏ టూల్ తీసుకోవాలో ఏజెంట్ నిర్ణయించుకుంటుంది.

మన వంటిళ్లు గుర్తు తెచ్చుకోండి. అల్మరాలో హార్లిక్స్ సీసా ఉంటుంది. అందులో పెసరపప్పు ఉంటుంది. పక్కన బోర్న్‌విటా డబ్బా ఉంటుంది. అందులో ఎండుమిరపకాయలు. ఇంట్లో వాళ్లకి ఏ ఇబ్బందీ లేదు. చీకట్లో కూడా చెయ్యి పెట్టి తీస్తారు. కొత్తగా ఇంటికి వచ్చిన కోడలు మాత్రం "అత్తయ్యా, చక్కెర ఎందులో ఉంది?" అని అడుగుతుంది. అడిగితే అత్తగారు చెబుతుంది. ఏజెంట్ కూడా ఆ కొత్త కోడలి లాంటిదే. కాకపోతే ఆ వంటింట్లో అత్తగారు లేరు. ఉన్నది సీసా మీద కాగితం ఒక్కటే. ఆ కాగితం మీద హార్లిక్స్ అని ఉంటే, అది హార్లిక్స్ అనే నమ్మి పాలల్లో కలుపుతుంది.

మా హైటెక్ సిటీలో ఈ సమస్య బాగా పాతది. 1998 నవంబర్ 22న సైబర్ టవర్స్‌ను అప్పటి ప్రధాని వాజ్‌పేయి ప్రారంభించారు. చుట్టూ అప్పటికి బండరాళ్లే. ఆ గుండ్రటి భవనం నుంచి మొదలై కొండాపూర్, గచ్చిబౌలి, రాయదుర్గం, నానక్‌రామ్‌గూడ దాకా ఆఫీసులు పరుచుకున్నాయి. ఇన్నేళ్లలో ఎన్ని లక్షల మంది ఎన్ని ప్రోగ్రాములు రాశారో లెక్క లేదు. ఆ ప్రోగ్రాముల గురించిన జ్ఞానం ఎక్కడుందంటే, చాలామటుకు మనుషుల నోళ్లలో ఉంది.

ఐటీలో పని చేసేవాళ్లకు కేటీ అనే మాట తెలుసు. నాలెడ్జ్ ట్రాన్స్‌ఫర్. ఒకరు ఉద్యోగం మానేస్తుంటే, నోటీస్ పీరియడ్ చివరి వారాల్లో తమకు తెలిసిందంతా వెనకవాళ్లకు అప్పజెప్పి వెళ్లాలి. స్క్రీన్ షేర్ చేస్తారు. "ఇది ఇలా రన్ చెయ్యండి. ఇక్కడ ఎర్రర్ వస్తుంది, పట్టించుకోకండి. ఈ ఫైల్ మాత్రం ముట్టుకోవద్దు." ఎందుకు ముట్టుకోకూడదో అడిగితే, "అది పెద్ద కథ, తర్వాత చెప్తా" అంటారు. ఆ తర్వాత అనేది రాదు. వాళ్లు కొత్త కంపెనీలో చేరిపోతారు. ఆర్నెల్ల తర్వాత రాత్రి పదింటికి ఫోన్. "అన్నా, ఏమనుకోకు. ఆ ఫైల్ ఏంటో ఒక్కసారి చెప్తావా?" అన్న మంచివాడు. చెబుతాడు. ఇలాగే నడిచింది మా వ్యవహారం. చాయ్ దగ్గర కొంత, క్యాబ్‌లో కొంత, ఫోన్‌లో కొంత. రాసిపెట్టమంటే, "కోడ్ చూస్తే తెలుస్తుంది కదా" అనేవాళ్లు.

ఏజెంట్ కేటీకి రాదు. ఏజెంట్ చాయ్ దగ్గరికి రాదు. రాత్రి పదింటికి ఫోన్ చెయ్యదు. మనం రాసింది ఒక్కటే దానికి తెలుసు. రాయనిది తెలియదు. తెలియనిచోట అది చాలాసార్లు ఆగదు. ఏదో ఒకటి అనుకుని ముందుకు వెళ్లిపోతుంది. నా భయమంతా అక్కడే.

ఒక సంఘటన చెబుతాను. కంపెనీ పేరు వద్దు. భూముల వివరాలు చూసే ఒక సాఫ్ట్‌వేర్ తయారవుతోంది. రైతు తన సర్వే నంబర్ చెబితే, ఏజెంట్ ఆ రికార్డు వెతికి విస్తీర్ణం ఎంతో చెప్పాలి. అందుకు ఒక టూల్ ఇచ్చారు. టూల్ వివరణలో రాసింది ఒక్క వాక్యం. "భూమి విస్తీర్ణాన్ని ఇస్తుంది." అంతే. ఇంకేం లేదు.

పరీక్షించే రోజు వచ్చింది. రికార్డులో విస్తీర్ణం 2.20 అని ఉంది. రెండు, చుక్క, ఇరవై. ఈ అంకె గుర్తుంచుకోండి. 2.20. ఇది ఎన్ని గజాలు అని ఏజెంట్‌ని అడిగాం. ఎకరానికి 4840 గజాలు. ఏజెంట్ 2.20ని 4840తో హెచ్చవేసింది. 10,648 గజాలు అని క్షణంలో చెప్పింది. లెక్క తప్పు లేదు. మేమంతా తలలు ఊపాం.

మా మధ్య ఒక అమ్మాయి ఉంది. ఫ్రెషర్. చేరి మూడు నెలలు కూడా కాలేదు. ఆ అమ్మాయి మాత్రం తల ఊపలేదు. నా వైపు తిరిగి మెల్లగా అడిగింది. "అక్కా, ఆ ఇరవై గుంటలా, సెంట్లా?"

గదిలో ఒక్క నిమిషం ఎవరూ మాట్లాడలేదు.

ఈ మాట పల్లెలో ఉన్న శ్రోతలకి వెంటనే తెలుస్తుంది. పట్నంలో పుట్టి పెరిగిన వాళ్ల కోసం చెబుతాను. తెలంగాణలో భూమిని ఎకరాల్లో, గుంటల్లో లెక్కపెడతారు. ఎకరానికి 40 గుంటలు. ఆంధ్రలో ఎకరాల్లో, సెంట్లలో లెక్కపెడతారు. ఎకరానికి 100 సెంట్లు. ఇప్పుడు చూడండి. 2.20 అంటే ఆంధ్రలో రెండెకరాల ఇరవై సెంట్లు. అదే 2.20 తెలంగాణ రికార్డులో రెండెకరాల ఇరవై గుంటలు. ఇరవై గుంటలంటే అరెకరం. అంటే రెండున్నర ఎకరాలు. 12,100 గజాలు. ఏజెంట్ చెప్పినదానికీ దీనికీ తేడా 1452 గజాలు. పన్నెండు గుంటలు. ఒక కుటుంబానికి అది చిన్న భూమి కాదు.

ఇంకొక అడుగు ముందుకు వెళదాం. అన్నకు 2.20, తమ్ముడికి 1.30 ఉంది. రెండూ కలిపితే ఎంత? కంప్యూటర్‌ని అడిగితే 3.50 అంటుంది. తెలంగాణ పల్లెలో ఏ పెద్దాయన్ని అడిగినా వేళ్ల మీద లెక్కేసి నాలుగెకరాల పది గుంటలు అంటాడు. ఎందుకంటే ఇరవై గుంటలు, ముప్పై గుంటలు కలిస్తే యాభై గుంటలు. అందులో నలభై ఒక ఎకరమై పోగా పది గుంటలు మిగులుతాయి. ఆ చుక్క దశాంశపు చుక్క కాదు. ఎకరాలకీ గుంటలకీ మధ్య పెట్టిన చుక్క.

నేను ఆ రోజు రాత్రి మెట్రోలో ఇంటికి వెళుతూ దీని గురించే ఆలోచించాను. నోటితో మాట్లాడేటప్పుడు ఏ రైతూ ఈ పొరపాటు చెయ్యడు. "ఎంత ఉంది?" అంటే "రెండెకరాల ఇరవై గుంటలు" అనే అంటాడు. గుంటలు అనే మాట నోట్లో భద్రంగా ఉంది. పాసు పుస్తకంలోనూ పై గడిలో ఎకరాలు, గుంటలు అని రాసి ఉంటుంది. కంప్యూటర్‌లోకి ఎక్కించేటప్పుడు కింద గడిలోని అంకె ఎక్కింది. పై గడిలోని మాట జారిపోయింది. మనుషులు వాడినన్నాళ్లు ఆ జారిపోయిన మాటని ప్రతి ఒక్కరూ తమ మనసులోంచి తెచ్చి అతికించుకున్నారు. తహసీల్దారు ఆఫీసు గుమాస్తా అతికించాడు. బ్యాంకులో ఫీల్డ్ ఆఫీసర్ అతికించాడు. ఏజెంట్ దగ్గర ఆ మాట లేదు. ఎవరూ దానికి చెప్పలేదు.

నా దృష్టిలో ఏజెంట్ల కోసం డాక్యుమెంటేషన్ రాయడమంటే ఇదే. నోట్లో ఉండి, రాతలో జారిపోయిన మాటని వెతికి మళ్లీ రాతలో పెట్టడం. ఇంకోసారి చెబుతాను. అందరికీ తెలుసు కదా అని మనం వదిలేసిన మాటని వెతికి రాయడం.

అలాంటి మాటలు ఎన్నో ఉన్నాయి. తేదీనే తీసుకోండి. 05, 06 అని వరుసగా ఉంటే మనకు జూన్ ఐదు. అమెరికా క్లయింటుకి మే ఆరు. హైటెక్ సిటీలో పని చేసే ప్రతివాళ్లూ ఎప్పుడో ఒకప్పుడు ఈ దెబ్బ తిన్నవాళ్లే. పేర్ల సంగతి చూడండి. మనకు ఇంటిపేరు ముందు వస్తుంది. ఫారంలో లాస్ట్ నేమ్ అని అడిగితే ఏది రాయాలి?

కాలంతో మారిపోయే మాటలు ఇంకొక రకం. సైబర్ టవర్స్ సిగ్నల్ దగ్గర ఓ ఐదు నిమిషాలు నిలబడి బళ్లు చూడండి. ఒక బండి నంబరు ఏపీతో మొదలవుతుంది. పక్కనే ఇంకొకటి టీఎస్‌తో. దాని వెనక ఇంకొకటి టీజీతో. 2014లో తెలంగాణ రాష్ట్రం వచ్చాక టీఎస్ వచ్చింది. 2024 మార్చి నుంచి కొత్త బళ్లకు టీజీ వచ్చింది. పాత బళ్లు పాత నంబర్లతోనే తిరుగుతున్నాయి. అంటే ఆ సిగ్నల్ దగ్గర మన చరిత్ర మూడు ముక్కలుగా నిలబడి ఉంటుంది.

ఇప్పుడు 2019లో ఎవరో ఒక టూల్ రాశారనుకోండి. బండి నంబరు ఇస్తే చలాన్లు ఉన్నాయో లేదో చూపించే టూల్. వివరణలో "నంబరు టీఎస్‌తో మొదలవ్వాలి" అని రాశారు. ఆ రోజుకి సగం నిజం. నిన్న కొన్న టీజీ బండి యజమాని ఏజెంట్‌ని అడుగుతాడు. ఏజెంట్ వివరణ చదువుతుంది. టీఎస్‌తో మొదలవ్వాలని ఉంది కదా అని, సాయం చేయాలనే ఉద్దేశంతోనే, టీజీని టీఎస్‌గా దిద్ది వెతకొచ్చు. వేరేవాళ్ల బండి మీది చలాన్లు తెచ్చి ఇతని ముందు పెట్టొచ్చు. మనిషైతే నవ్వుకుని, "ఈ డాక్యుమెంట్ పాతది" అని పక్కన పెట్టేవాడు. ఏజెంట్‌కి మన రాత మీద మనకంటే నమ్మకం ఎక్కువ. అందువల్ల పాత రాత అలాగే పడి ఉండటం, అసలు రాయకపోవడం కంటే ప్రమాదం అని నేననుకుంటాను. ప్రోగ్రాం మార్చిన రోజునే వివరణ కూడా మార్చాలి. తర్వాత చూద్దాం అనకూడదు.

ఇక వెనక్కి తీసుకోలేని పనుల గురించి. ఒక కుటుంబం నలుగురికి కలిపి ఒకే టికెట్ తీసుకుంది. బయల్దేరే ముందు రోజు నాన్నగారికి జ్వరం. కూతురు ఏజెంట్‌కి చెబుతుంది. "నాన్న సీటు రద్దు చెయ్యి." ఏజెంట్ దగ్గర ఒక టూల్ ఉంది. దాని వివరణ, "టికెట్ రద్దు చేస్తుంది." ఏజెంట్ దాన్ని వాడింది. నలుగురి సీట్లూ పోయాయి. ఇది నేను ఊహించి చెబుతున్నదే. కానీ ఇలాంటి వివరణలు నేను ఎన్నోసార్లు చూశాను, దిద్దాను.

దాన్ని ఎలా రాయాలి? నేనైతే ఇలా రాస్తాను. వినండి. "ఈ టూల్ టికెట్‌లో ఉన్న అందరి సీట్లనూ రద్దు చేస్తుంది. ఒక్కరి సీటు మాత్రమే రద్దు చేయాలంటే ఇది వాడవద్దు, ప్రయాణికుడి సీటు రద్దు అనే టూల్ వాడాలి. రద్దు చేశాక తిరిగి తెచ్చుకోలేరు. రద్దు చేసే ముందు ఎంతమంది సీట్లు పోతాయో వాడుకరికి చెప్పి, వాళ్లు అవునన్నాకే చేయాలి." నాలుగు వాక్యాలు. ఏం చేస్తుందో ఉంది. ఎప్పుడు వాడకూడదో ఉంది. పొరపాటు అయితే ఏమవుతుందో ఉంది. ఎప్పుడు వాడకూడదు అన్న మాటే మనవాళ్లు ఎక్కువగా మర్చిపోయేది.

ఒక మాట మాత్రం నిక్కచ్చిగా చెప్పాలి. రాత తాళం కాదు. అడిగి చెయ్యి అని రాసినంత మాత్రాన ఏజెంట్ ప్రతిసారీ అడుగుతుందన్న హామీ లేదు. నిజంగా ప్రమాదకరమైన పనికి, మనిషి ఒప్పుకుంటే తప్ప కదలని తాళం ప్రోగ్రాంలోనే వెయ్యాలి. రాత దారి చూపిస్తుంది. తాళం తాళమే.

ఇంత మామూలు భాషలో రాయడమా, ఇది సాఫ్ట్‌వేరేనా అని మీకు అనిపించవచ్చు. అనిపించాలి కూడా. ఎందుకంటే మార్పంతా అక్కడే వచ్చింది. 2024 నవంబర్‌లో ఆంత్రోపిక్ అనే కంపెనీ మోడల్ కాంటెక్స్ట్ ప్రోటోకాల్ అనే పద్ధతిని అందరికీ విడుదల చేసింది. ఎంసీపీ అంటారు. ఏ ఏజెంట్ అయినా, ఎవరు తయారు చేసిన టూల్‌నైనా ఒకే తీరుగా వాడుకోవడానికి కుదిర్చిన ఒప్పందం అది. తర్వాత మిగతా పెద్ద కంపెనీలూ దాన్ని తీసుకున్నాయి. ఆ ఒప్పందంలో ప్రతి టూల్‌కీ ఒక పేరు ఉంటుంది. పక్కన మామూలు వాక్యాల్లో రాసే వివరణకు చోటు ఉంటుంది. అంటే, నేను ఇందాక చదివిన నాలుగు వాక్యాల్లాంటివి ఇప్పుడు యంత్రాన్ని నడిపించే భాగాలు. కామా తప్పు పడితే ప్రోగ్రాం ఆగినట్టే, వివరణలో ఒక మాట తప్పు పడితే ఏజెంట్ దారి తప్పుతుంది.

మరి ఇలా రాయడం మనం ఎవరి దగ్గర నేర్చుకోవాలి? బయటి దేశాల వైపు చూస్తే యూనిక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్‌కి 1971లో రాసిన మాన్యువల్ ఉంది. బెల్ ల్యాబ్స్‌లో కెన్ థాంప్సన్, డెనిస్ రిచీ రాసింది. అందులో ఒక్కొక్క కమాండ్‌కీ ఒక్కొక్క పేజీ. ఆ పేజీల కింద బగ్స్ అని ఒక శీర్షిక పెట్టారు. ఇందులో ఈ లోపం ఉంది, జాగ్రత్త అని తయారు చేసినవాళ్లే రాసిపెట్టారు. నాకు ఆ నిజాయితీ అంటే చాలా గౌరవం.

మన ఊళ్లోనూ అలాంటి బడి ఒకటి ఉంది. అమీర్‌పేట.

అమీర్‌పేట పేరు చెబితే మీలో చాలామందికి మైత్రీవనం గుర్తొస్తుంది. ఆదిత్య ట్రేడ్ సెంటర్ గుర్తొస్తుంది. సత్యం థియేటర్ దగ్గరి సందులు, హాస్టళ్లు, గోడ నిండా జావా అనీ డాట్‌నెట్ అనీ బోర్డులు. ఇంకొకటి కూడా గుర్తొస్తుంది. జిరాక్స్ షాపుల్లో అమ్మే మెటీరియల్. సార్ క్లాసులో చెప్పింది ఎవరో చేత్తో రాస్తే, దాన్ని జిరాక్స్ తీసి, స్పైరల్ బైండింగ్ చేసి అమ్మేవాళ్లు. రన్నింగ్ నోట్స్ అనేవాళ్లు. నేనూ కొన్నాను. హాస్టల్ మంచం మీద కూర్చుని రాత్రిళ్లు చదివాను.

ఆ మెటీరియల్ ఎవరి కోసం? శ్రీకాకుళం నుంచో, ఖమ్మం నుంచో, ఆదిలాబాద్ నుంచో బస్సు దిగిన కుర్రాళ్ల కోసం. తెలుగు మీడియంలో చదివొచ్చారు. ఇంగ్లిష్ కొంచెం భయం. జేబులో రెండు మూడు నెలల హాస్టల్ డబ్బు మాత్రమే ఉంది. వాళ్లకు అర్థం కావాలి, త్వరగా అర్థం కావాలి. అందుకే ఆ నోట్స్‌లో వాక్యాలు చిన్నవి. ప్రతి సంగతి కింద ఒక ఉదాహరణ. మంచి సార్లు ఇంకొకటి చేసేవాళ్లు. విద్యార్థి ఎక్కడ జారిపడతాడో వాళ్లకు తెలుసు. ఏళ్ల తరబడి చూశారు కదా. "ఇక్కడ ఈ ఎర్రర్ వస్తుంది. వస్తే కంగారు పడొద్దు. ఫలానా చోట చూడు, పాత్ సెట్ చేసి ఉండవు" అని ముందే రాయించేవాళ్లు. కంపెనీలు అచ్చేసిన లావుపాటి పుస్తకాల్లో ఆ వాక్యం ఉండేది కాదు. అమీర్‌పేట నోట్స్‌లో ఉండేది.

ఏజెంట్‌కి కావాల్సింది అచ్చంగా ఆ వాక్యమే. టూల్ వాడేటప్పుడు తప్పు జరిగితే, మన ప్రోగ్రాములు ఏమంటాయి? "చెల్లని విలువ" అంటాయి. అంతే. మనిషి అయితే తల గోక్కుని పక్కవాణ్ణి అడుగుతాడు. ఏజెంట్ అదే తప్పుని ఇంకోరకంగా మళ్లీ మళ్లీ ప్రయత్నిస్తుంది. దానికి బదులు ఆ ఎర్రర్ ఇలా ఉంటే? "తేదీ చెల్లలేదు. ముందు సంవత్సరం, తర్వాత నెల, తర్వాత రోజు ఇవ్వాలి. ఉదాహరణకు 2025-06-05." రెండో ప్రయత్నంలోనే పని అయిపోతుంది. ఎర్రర్ వచ్చిన చోట దారి చూపించడం అమీర్‌పేట సార్లకు తెలిసిన విద్య. నా ఉద్దేశంలో ఏజెంట్ల కోసం రాసే ప్రతివాళ్లూ ఆ సార్ల దగ్గర కూర్చోవాలి.

ఇంతకీ ఈ రాత చివరికి ఎవరికి ఉపయోగపడాలో కూడా చెప్పాలి. మాదాపూర్ నుంచి గచ్చిబౌలి వెళ్లే దారిలో ట్రిపుల్ ఐటీ ఉంది. అదీ 1998లోనే మొదలైంది. దాని పాలక మండలికి చాలా ఏళ్లు అధ్యక్షుడిగా ఉన్న రాజ్‌రెడ్డి గారు చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టారు. మనిషి మాటను యంత్రం వినేలా చేయడానికి జీవితమంతా పని చేశారు. 1994లో ట్యూరింగ్ అవార్డు అందుకున్నారు. ఈ దేశంలో చదువు రానివాళ్లకు కంప్యూటర్ ఉపయోగపడాలని ఆయన తపన. ఆ రోజు దగ్గరికి వస్తోందని నాకు నమ్మకం. పొలంలోంచి ఒక అవ్వ ఫోన్‌లో తెలుగులో అడుగుతుంది. "నా పేరు మీద ఎంత భూమి ఉంది నాయనా?" యంత్రం ఆ మాట వింటుంది. అర్థం చేసుకుంటుంది. ఆపైన లోపల టూల్‌ని వాడుతుంది. ఆ టూల్ మీద రాసిన వివరణ అవ్వకు ఎప్పటికీ కనబడదు. కానీ ఆమెకు వచ్చే జవాబు దాని మీదే ఆధారపడి ఉంటుంది. ఇరవై గుంటలా, ఇరవై సెంట్లా అన్నది మాదాపూర్‌లో ఏసీ గదిలో కూర్చున్న ఎవరో ఒకరు రాయాలి. అందుకే ఈ పనిని చిన్నదిగా చూడలేను.

ఆ 2.20 సంఘటన తర్వాత మేం ఒక అలవాటు చేసుకున్నాం. టూల్ వివరణ రాయగానే దాన్ని ఇంకో టీమ్‌లో ఒకరికి ఇస్తాం. కోడ్ చూపించం. ప్రశ్నలు అడగనివ్వం. ఆ కాగితం ఒక్కటే చదివి, ఈ పని ఎలా చేస్తారో చెప్పమంటాం. చదువుతూ చదువుతూ ఒకచోట వాళ్ల నోరు తెరుచుకుంటుంది. ఏదో అడగబోతారు. అడగకూడదని గుర్తొచ్చి ఆగిపోతారు. వాళ్లు ఎక్కడ ఆగారో అక్కడ పెన్సిల్‌తో ఒక చుక్క పెడతాం. ఆ చుక్క దగ్గర ఒక వాక్యం తక్కువైందన్నమాట. తర్వాత ఏజెంట్‌కి ఇస్తాం. ఒకే పనిని రకరకాల మాటల్లో అడుగుతాం. "పొలం ఎంత" అని ఒకసారి, "విస్తీర్ణం" అని ఒకసారి, "ఎన్నెకరాలు" అని ఒకసారి. ప్రతిసారీ సరైన టూల్ తీసుకుందా, సరైన వివరాలు ఇచ్చిందా అని చూస్తాం. తప్పు జరిగిన చోట మళ్లీ వివరణ దిద్దుతాం. ఓపిక కావాలి. మధ్యాహ్నాలు మధ్యాహ్నాలు గడిచిపోతాయి.

ఆ అమ్మాయి సంగతి చెప్పకుండా ముగిస్తే తప్పవుతుంది. అంతమంది సీనియర్లకు తట్టనిది నీకెలా తట్టిందని అడిగాను. వాళ్ల నాన్నగారిది మధిర. ఖమ్మం జిల్లా. అమ్మగారిది అవతలి వైపు నందిగామ. చిన్నప్పటి నుంచి ఇంట్లో ఈ గొడవే వింటూ పెరిగిందట. తాతయ్య వచ్చి సెంట్లలో చెప్తారు. నాన్న గుంటల్లో చెప్తారు. ఇద్దరికీ మధ్య వాళ్లమ్మ కూర్చుని లెక్క మార్చి చెబుతుంది. "అందుకే అక్కా, ఎక్కడ అంకె చూసినా దాని వెనక మాటేంటా అని వెతుక్కుంటాను" అంది.

ఆ టూల్ వివరణ తిరగరాసే పని ఆ అమ్మాయికే అప్పగించాం. మొదట "భూమి విస్తీర్ణాన్ని ఇస్తుంది" అని ఉండేది కదా. ఇప్పుడు ఇలా ఉంది.

"సర్వే నంబర్ ఇస్తే ఆ భూమి విస్తీర్ణాన్ని ఇస్తుంది. తెలంగాణ రికార్డుల్లో చుక్కకు ముందున్నవి ఎకరాలు, చుక్క తర్వాతవి గుంటలు. 40 గుంటలు ఒక ఎకరం. 2.20 అంటే రెండెకరాల ఇరవై గుంటలు, అంటే రెండున్నర ఎకరాలు. ఆంధ్రప్రదేశ్ రికార్డుల్లో చుక్క తర్వాతవి సెంట్లు. 100 సెంట్లు ఒక ఎకరం. ఏ రాష్ట్రమో తెలియకపోతే లెక్క చేయవద్దు, వాడుకరిని అడగండి. జవాబు చెప్పేటప్పుడు ఎకరాలు, గుంటలు, సెంట్లు అనే మాటలు తప్పనిసరిగా పలకండి."